తీరంలో ప్రాజెక్టు వస్తోందా? ప్రజాభిప్రాయ సేకరణ నుంచి ఎన్జీటీ అప్పీలు దాకా ఏం చేయాలి, ఎలా చేయాలి

"నోటీసు వచ్చింది, ఏం చేయమంటారు?" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది హియరింగ్‌కి, అంటే ప్రజాభిప్రాయ సేకరణకు, రెండు రోజుల ముందు ఫోన్ చేస్తారు. ఇంకొందరు అనుమతి వచ్చేసిన నాలుగు నెలలకు చేస్తారు. మొదటివాళ్లకు ఎంతోకొంత చేయొచ్చు. రెండోవాళ్లకు అప్పీలు తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది.

పోర్టు, థర్మల్ ప్లాంటు, ఫార్మా పరిశ్రమ, రేపు సముద్రంలో గాలిమరలు... తీరంలో ఏది వచ్చినా మీ ఊరి మాట ఫైల్లోకి ఎక్కాలంటే ఏ రోజు ఏ పని చేయాలో వరసగా రాస్తున్నాను. ఒక్క సంగతి ముందే చెప్పాలి. హియరింగ్‌లో ఓటింగ్ ఉండదు. వెయ్యిమంది వద్దన్నా, పదిమంది కావాలన్నా అక్కడికక్కడ ఏదీ తేలదు. మీరు మాట్లాడేది వేదిక మీద కూర్చున్న కలెక్టర్‌తోనే అయినా, ఆ మాట అవసరపడేది తర్వాత ఆ ఫైలు చదివే నిపుణుల కమిటీకి, ఆ తర్వాత పర్యావరణ కేసులు వినే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కి, అంటే ఎన్జీటీకి. కింద చెప్పిన పనులన్నీ అందుకోసమే.

1. అసలు మీ ప్రాజెక్టుకు హియరింగ్ ఉందా?

అన్నిటికీ ఉండదు. 2006 సెప్టెంబర్ 14న వచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో ఒక షెడ్యూల్ ఉంది. అందులో ఉన్న ప్రాజెక్టులకే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. అవి 'ఎ', 'బి1', 'బి2' అని మూడు రకాలు. 'ఎ' అయితే ఢిల్లీలో కేంద్ర పర్యావరణ శాఖ తేలుస్తుంది. 'బి' అయితే రాష్ట్ర స్థాయి అథారిటీ చూస్తుంది. 'బి2'కి ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు.

ఉదాహరణకు ఏడాదికి 50 లక్షల టన్నులు, అంతకు మించి సరుకు దించే పోర్టు 'ఎ' కిందికి వస్తుంది. సముద్రంలో చమురు, గ్యాస్ అన్వేషణను మాత్రం 2020 జనవరిలో 'బి2'లోకి మార్చారు. అంటే అన్వేషణ దశలో హియరింగ్ లేదు. ఈ సంగతి తెలియక నోటీసు కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లున్నారు.

తెలుసుకోవడానికి పరివేష్ అనే కేంద్ర పోర్టల్ ఉంది. కంపెనీ పేరుతోనో జిల్లా పేరుతోనో వెతకండి. ఆంధ్ర ప్రాజెక్టుల నంబరు సాధారణంగా ఐఏ, ఏపీ అక్షరాలతో మొదలవుతుంది. ఆ నంబరును మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. ఇకపై ఏ అర్జీలోనైనా అదే మీ చిరునామా.

ఇంకో తికమక ఉంది. భూసేకరణ కోసం 2013 చట్టం కింద పెట్టే సమావేశం వేరు, పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ వేరు. ఒకదాంట్లో చెప్పింది రెండోదాని ఫైల్లోకి దానంతట అది వెళ్లదు. భూమిపై అభ్యంతరాలకు ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 60 రోజుల గడువుంది. దాన్ని విడిగా చూసుకోవాలి.

2. గాలిమరలైతే సంగతి వేరు

సముద్రంలో పవన విద్యుత్ గురించి ఈమధ్య ఎక్కువమంది అడుగుతున్నారు. 2015లో కేంద్రం విధానం ప్రకటించింది, 2023లో లీజు నిబంధనలు తెచ్చింది. 2024 జూన్‌లో గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్లకు రూ. 7,453 కోట్ల పథకాన్ని కేంద్ర కేబినెట్ ఆమోదించింది. మొదటి విడతలో మన తీరం లేదు. కానీ తమిళనాడు దగ్గరి మన్నార్ సింధుశాఖ వైపు చేపల వేటకు పోయేవాళ్లకు ఇది దూరం సంగతి కాదు.

చిక్కేంటంటే 2006 షెడ్యూల్‌లో పవన విద్యుత్తే లేదు. కాబట్టి పోర్టుకు జరిగినట్టు గాలిమరలకు దానంతట అది హియరింగ్ జరగదు. 'గ్రీన్' అన్న పేరు పెట్టి అడిగే హక్కును తగ్గించడం నాకు సబబుగా అనిపించదు. కానీ ఈరోజు నియమం అది. అక్కడ మిగిలిన దారులివి:

- ఒడ్డుకు వచ్చే కేబుల్, సబ్‌స్టేషన్‌లకు తీర నియంత్రణ మండలి నియమాలు, అంటే సీఆర్‌జెడ్ 2019, వర్తిస్తాయా, ఎవరు అనుమతిస్తున్నారు అని ఆర్టీఐ వేయడం.
- రాష్ట్ర తీర మండలి అథారిటీ సమావేశాల మినిట్స్ చూస్తూ ఉండటం, అజెండాలోకి రాగానే రాతపూర్వకంగా అభ్యంతరం పంపడం.
- తీర ప్రణాళిక ముసాయిదా మీద జిల్లాలో పెట్టే హియరింగ్‌కి వెళ్లడం. చేపలు ఎండబెట్టే దిబ్బలు, పడవలు లాగే చోట్లు, జెట్టీ ఆ మ్యాపుల్లో ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి.
- చుట్టూ సేఫ్టీ జోన్ ఎంత అని ముందే అడగడం. అంతర్జాతీయ సముద్ర చట్టం అలాంటి కట్టడాల చుట్టూ 500 మీటర్ల దాకా పెట్టుకోనిస్తుంది. ఒక్కో మర చుట్టూ అంత వదిలితే వల వేయడానికి మిగిలేదెంతో లెక్క కట్టి అడగండి.

ఇక్కణ్ణుంచి హియరింగ్ ఉన్న ప్రాజెక్టుల దారి.

3. నోటీసు వచ్చిన మొదటి మూడు రోజులు

నోటీసు ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో రావాలి. ప్రజలకు కనీసం 30 రోజుల గడువివ్వాలి. 2020లో వచ్చిన ఒక ముసాయిదా దీన్ని 20 రోజులకు తగ్గించాలని చూసింది, కానీ అది ఖరారు కాలేదు. 20 రోజులు చాలని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ఈ మూడు రోజుల్లో చేయాల్సినవి:

- పత్రిక పేజీ మొత్తం దాచండి. కటింగ్ ఒక్కటే దాస్తే తేదీ, ఎడిషన్ పేరు పోతాయి. ఫోటో కూడా తీయండి.
- ప్రచురించిన తేదీకీ హియరింగ్ తేదీకీ మధ్య రోజులు వేళ్ల మీద లెక్కపెట్టండి. 30కి తగ్గితే ఆ రోజే కలెక్టర్‌కు, కాలుష్య నియంత్రణ మండలికి లెటర్ పెట్టండి.
- ప్రాజెక్టు ప్రభావాలపై కంపెనీ చేయించిన ఈఐఏ రిపోర్టు కాపీ ఎక్కడెక్కడ ఉండాలో అక్కడికి వెళ్లి చూడండి: కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, మీ పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఆఫీసు.
- తెలుగు సారాంశం తప్పనిసరి. అది లేకపోతే "లేదు" అని రాసిచ్చి రసీదు తీసుకోండి.

ఆఫీసుకి వెళ్లినప్పుడు "సార్ మీటింగ్‌లో ఉన్నారు, బీరువా తాళం ఆయన దగ్గరుంది" అనే మాట వినబడటం మామూలే. గొడవ పడి లాభం లేదు. వెళ్లిన తేదీ, టైము, ఎవరు ఏమన్నారో ఒక తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించి, అదే ఆఫీసు ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చేయండి. రెండో కాపీ మీద గుండ్రటి సీలు, తేదీ, పొట్టి సంతకం పడాలి. రేపు "రిపోర్టు అందుబాటులో పెట్టలేదు" అని వాదించాలంటే మీ చేతిలో ఉండే ఆధారం ఆ సీలు పడిన కాగితమే.

4. రిపోర్టును ఎక్కడ పట్టుకోవాలి

అసలు రిపోర్టు ఇంగ్లిషులో ఉంటుంది, వందల పేజీలు. అంతా చదవాలని కూర్చుంటే నెల గడిచిపోతుంది. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరిని, పాత బోటు యజమానులు ఇద్దరిని ఒకచోట కూర్చోబెట్టండి. పిల్లలు చదివి చెప్పాలి, పెద్దలు తప్పు పట్టాలి. నేను చూసినంతలో ఇంతకంటే బాగా పనిచేసే పద్ధతి లేదు.

ముందు ఈ నాలుగు చోట్లు చూడండి.

*టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్.* రిపోర్టులో ఏమేం అధ్యయనం చేయాలో నిపుణుల కమిటీ ముందే ఇచ్చిన లిస్టు ఇది. ఒక్కో అంశం పక్కన 'చేశారు', 'అరకొరగా చేశారు', 'చేయలేదు' అని టిక్ పెడుతూ పోండి. 'చేయలేదు' అన్నవే మీ మొదటి అభ్యంతరాలు.

*డేటా తీసుకున్న నెలలు.* ఇది చాలామంది వదిలేస్తారు. సాధారణంగా ఒక సీజన్‌లో, అంటే మూడు నెలల పాటు సేకరించిన వివరాలతో రిపోర్టు తయారవుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రోజుల్లో వచ్చి సర్వే చేస్తే మరబోట్లన్నీ ఒడ్డునే కనబడతాయి, సముద్రం ఖాళీగా ఉంటుంది. 'ఈ ప్రాంతంలో చేపల వేట తక్కువ' అని రాసెయ్యడం అప్పుడు ఎంత తేలిక! నెలలు చూడండి. డేటా మూడేళ్లకంటే పాతదేమో కూడా చూడండి.

*భూమి వివరణ.* శ్రీకాకుళం జిల్లా సోంపేట గుర్తుంది కదా. అక్కడి బీల భూములు నీళ్లు నిలిచే చిత్తడి నేలలు. వాటిని పనికిరాని భూములుగా చూపి థర్మల్ ప్రాజెక్టుకు అనుమతి తెచ్చుకున్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయిన రోజే, నాటి నేషనల్ ఎన్విరాన్‌మెంట్ అప్పెలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఎన్జీటీకి ముందు అప్పీళ్లు వినేది ఆ సంస్థే. రిపోర్టులో మీ చెరువును 'బీడు' అన్నారా, మడ అడవిని 'పొదలు' అన్నారా చూసి, అదే చోటును పాత అడంగల్, గ్రామ పటం, ఉపగ్రహ చిత్రాలతో పోల్చండి.

*జనం లెక్క.* అధ్యయన ప్రాంతం మామూలుగా పది కిలోమీటర్ల వ్యాసార్థంతో గీస్తారు. అందులో మీ ఊరి పేరుందా? అలివి వల లాగేవాళ్లను లెక్కలోకి తీసుకున్నారా? అలివి వలకు పొడుగాటి ఖాళీ ఒడ్డు కావాలి. మధ్యలో రాళ్లకట్ట వేస్తే ఆ వేట అక్కడితో ఆగిపోతుంది. చేపలు ఎండబెట్టి, తట్టల్లో అమ్ముకొచ్చే ఆడవాళ్ల ఆదాయం రిపోర్టులో ఎక్కడైనా కనబడిందా?

వేట చోట్లు చూపించడానికి బోటులోని జీపీఎస్ సెట్టు పనికొస్తుంది. మీరు సేవ్ చేసుకున్న పాయింట్లన్నీ అందులో ఉంటాయి. కానీ మంచి చేప పడే చోటును ఎవరూ బయటపెట్టరు. పెట్టమని అడగడం కూడా తప్పే. దానికో ఉపాయం ఉంది. ఒక్కో పాయింటు ఇవ్వకుండా, పదిహేను ఇరవై బోట్ల పాయింట్లు కలిపి మ్యాపు మీద ఒక పెద్ద గడి గీయండి. 'మా ఊరి బోట్లు ఈ గడిలో వేటాడతాయి' అంటే చాలు. గుట్టు గుట్టుగానే ఉంటుంది, రుజువు రుజువుగా నిలుస్తుంది.

5. రాతపూర్వక అభ్యంతరం రాయడం

మాట్లాడే అవకాశం వచ్చినా రాకున్నా, రాసింది తప్పకుండా ఇవ్వాలి. హియరింగ్ ముందే కాలుష్య నియంత్రణ మండలికి పంపొచ్చు, ఆ రోజు వేదిక దగ్గరా ఇవ్వొచ్చు. రెండూ చేయండి. వేరే ఊళ్లో, వేరే దేశంలో ఉన్నవాళ్లు కూడా తమకెలా సంబంధమో చెప్పి రాసి పంపొచ్చు.

ఒకే లెటర్‌ను జిరాక్స్ తీసి ఐదువందల మంది సంతకాలు పెట్టడం మనవాళ్ల అలవాటు. వాటిని ఒకే అభ్యంతరంగా కట్టగట్టి పక్కన పెట్టడం చాలా తేలిక. ఐదువందల జిరాక్సులకంటే వేర్వేరు విషయాల మీద పాతిక లెటర్లు నయం. ఒకరు నీళ్ల గురించి, ఒకరు వల గురించి, ఒకరు బడికెళ్లే రోడ్డు మీద లారీల గురించి రాయాలి.

ఒక్కో అంశాన్ని ఇలా రాయండి (ఇది నమూనా మాత్రమే, అంకెలు మీవి వేసుకోండి):

> రిపోర్టు 112వ పేజీలో మా గ్రామ తీరంలో వేట తక్కువ అని ఉంది. ఆ సర్వే మే నెలలో, వేట నిషేధ కాలంలో జరిగినట్టు 98వ పేజీలో ఉంది. మా గ్రామంలో 64 బోట్లున్నాయి. రిజిస్ట్రేషన్ కాపీలు జతచేశాం. నిషేధం లేని నెలల్లో మళ్లీ సర్వే చేయించి, ఆ రిపోర్టు తెలుగులో ఇచ్చాకే తదుపరి చర్య తీసుకోవాలని కోరుతున్నాం.

పేజీ నంబరు, అందులో తప్పేంటి, మన దగ్గరున్న ఆధారం, మనం కోరేది. ఈ నాలుగూ ఉంటే దాన్ని దాటేయడం కష్టం. 'మా బతుకులు నాశనమవుతాయి' అన్నది నిజమే కావచ్చు. కానీ దానికి కంపెనీ ఇచ్చే జవాబు ఒక్కటే ఉంటుంది: 'తగిన చర్యలు తీసుకుంటాం'. మే నెల సర్వే గురించి అడిగితే అలా తప్పించుకోలేరు.

6. హియరింగ్ రోజు

కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మన జిల్లాల్లో ఎక్కువగా జాయింట్ కలెక్టర్ వస్తారు. పక్కన కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి ఉంటారు. మొత్తం వీడియో తీయాలి. ముందు కంపెనీ వాళ్లు ప్రాజెక్టు గురించి చెబుతారు. ఆ తర్వాత అక్కడున్న ప్రతివారికీ అడిగే అవకాశం ఇవ్వాలి.

ఇంతమంది రావాలన్న కోరం నియమం లేదు. పదిమందే వచ్చినా హియరింగ్ జరిగినట్టే లెక్క. అందుకే బహిష్కరణ అంటే నాకు భయం. ఊరంతా బయట ధర్నాలో ఉంటే లోపల మైకు ముందు నిలబడేది కంపెనీ తెచ్చిన మనుషులే. ఫైల్లో 'అందరూ స్వాగతించారు' అని మిగులుతుంది. బహిష్కరించాలని ఊరు తీర్మానించినా సరే, ఐదుగురు లోపలికెళ్లి ఎందుకు బహిష్కరించామో చెప్పి, రాసింది ఇచ్చి రావాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- అభ్యంతర పత్రం మూడు కాపీలు
- ఆధార్, బోటు కాగితాలు లేదా పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సులు
- మీరు ప్రస్తావించే రిపోర్టు పేజీల ప్రింట్లు
- మీ తరఫున వీడియో తీయడానికి ఒక మనిషి, పవర్ బ్యాంకుతో సహా
- ఎవరు, ఏ టైములో, ఏ అంశం మాట్లాడారో రాయడానికి ఒకరు

మైకు దగ్గర రెండు మూడు నిమిషాలు మించి ఉండదు. పేరు, ఊరు, వృత్తి చెప్పి నేరుగా పేజీ నంబరుకు వెళ్లండి. అధికారికి పొగడ్తలు, కంపెనీకి తిట్లు రెండూ టైమును తినేస్తాయి. ఒక హియరింగ్‌లో ఎండు చేపలమ్మే ఒకామె తట్ట పట్టుకునే మైకు దగ్గరికొచ్చింది. "మీ పుస్తకంలో ఈ ఇసక దిబ్బ ఖాళీ అని రాశారంట బాబూ. నేను రోజూ ఈ తట్ట ఎక్కడ పరుస్తున్నానో నువ్వే చెప్పు" అని అడిగి, తట్ట కింద పెట్టింది. వేదిక మీదున్న కన్సల్టెంట్ కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు. ఆ రోజు మినిట్స్‌లో అందరికంటే స్పష్టంగా నమోదైన ప్రశ్న అదే.

చివరి దాకా ఉండండి. భోజనం ప్యాకెట్లు పంచగానే శామియానా సగం ఖాళీ అవుతుంది. అసలు పని ఆ తర్వాతే ఉంది. ముగింపులో, వచ్చిన అభ్యంతరాల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. మీ పాయింటు అందులో లేకపోతే అక్కడే లేచి, మైకులో "నేను చెప్పిన ఫలానా అంశం రాయలేదు" అనండి. అదీ వీడియోలో పడుతుంది. మినిట్స్ మీద అధ్యక్షుడు అదే రోజు సంతకం చేయాలి.

7. ఆ తర్వాతి వారాలు

హియరింగ్ అయ్యాక ఊరు చల్లబడుతుంది. కంపెనీ పని మాత్రం అప్పుడే జోరందుకుంటుంది.

మినిట్స్‌ను పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టరేట్‌లలో అందరికీ కనబడేలా పెట్టాలి. మండలి వెబ్‌సైట్‌లోనూ ఉంచాలి. మీ నోట్స్‌తో, మీ వీడియోతో పోల్చండి. తేడా ఉంటే నేరుగా అనుమతిచ్చే అథారిటీకే రాయొచ్చు, నియమమే అందుకు వీలిస్తోంది. 'ఫలానా టైముకు వీడియోలో ఇలా ఉంది, మినిట్స్‌లో ఇలా రాశారు' అని రాస్తే అవతలివాళ్లకూ సరిచూడటం తేలిక.

మినిట్స్ దొరక్కపోతే ఆర్టీఐ వేయండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పైవాటికి 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వీడియో కాపీ కూడా అడగండి.

తర్వాత పరివేష్‌లో నిపుణుల కమిటీ అజెండా చూస్తూ ఉండాలి. వారానికి రెండుసార్లు చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. అజెండాలో ప్రాజెక్టు కనబడగానే మీ అభ్యంతరాల సారాన్ని రెండు పేజీల్లో ఇంగ్లిషులో కమిటీ సభ్య కార్యదర్శికి మెయిల్ చేయండి. ఆ మెయిల్ ప్రింటు ఫైల్లో పెట్టుకోండి.

మీటింగ్ అయ్యాక వాళ్ల మినిట్స్ వస్తాయి. అందులో 'ప్రజలు లేవనెత్తిన అంశాలను పరిశీలించాం' అన్న ఒక్క వాక్యమే ఉందా, లేక ఒక్కో అంశానికి కారణం చెప్పారా? గోవా గనుల విషయంలో ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2009లోనే కమిటీ కారణాలు చూపాలని చెప్పింది. కారణాల్లేని ఆ ఒక్క వాక్యమే రేపు మీ అప్పీలుకు ఆధారం.

8. అనుమతి వచ్చింది: రోజులు లెక్కపెట్టండి

దీన్ని రెండుసార్లు చదవండి.

ఎన్జీటీ చట్టం, 2010లోని 16వ సెక్షన్ ప్రకారం అనుమతి తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో అప్పీలు వేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. మొత్తం 90. తొంభై ఒకటో రోజున ఎంత న్యాయమైన కేసైనా ఆ సెక్షన్ కింద తీసుకునే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు.

ఎప్పటి నుంచి లెక్క? అనుమతి వచ్చిన ఏడు రోజుల్లో కంపెనీ కనీసం రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఒకటి తెలుగులో. పంచాయతీకి కాపీ పంపాలి. పోర్టల్‌లో కూడా పెడతారు. ఈ మూడూ వేర్వేరు తేదీల్లో జరగొచ్చు. కోర్టులో ఏ తేదీ నిలుస్తుందన్న చర్చ పెద్దది. మీకు ఆ చర్చ వద్దు. అన్నిటికంటే ముందు వచ్చిన తేదీ నుంచే లెక్కపెట్టండి.

ఉదాహరణ: మార్చి 5న పోర్టల్‌లో పెట్టారనుకోండి. 30 రోజులు ఏప్రిల్ 4తో అయిపోతాయి. 90 రోజులు జూన్ 3తో. పంచాయతీ గోడ మీద నోటీసు ఏప్రిల్ 20న చూశామన్నది ఆలస్యానికి కారణంగా చెప్పుకోవచ్చు. దాని మీదే ఆధారపడొద్దు.

9. అప్పీలు తయారు చేయడం

మనకు ఎన్జీటీ దక్షిణ మండల బెంచ్ చెన్నైలో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ దాని కిందే. నష్టపరిహారం అడగని అప్పీలుకు ఫీజు వెయ్యి రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువనున్న వారికి అదీ లేదు. లాయరు ద్వారా వెళ్లొచ్చు, సొంతంగానూ వాదించుకోవచ్చు. మత్స్యకార సొసైటీ కూడా వేయొచ్చు, కానీ తీర్మానం కాపీ ఉండాలి.

లాయరు ఫీజే భయమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఫోన్ నంబరు 15100. అందుకే అప్పీలుదారుల్లో ఒక మహిళ పేరు ముందుండేలా చూసుకోండని నేను చెబుతుంటాను.

జతచేయాల్సినవి:

- అనుమతి ఉత్తర్వు కాపీ, పోర్టల్‌లో తేదీ కనబడే ప్రింటు
- నోటీసు వచ్చిన పత్రిక పేజీ
- సీలు పడిన మీ అభ్యంతరాలన్నీ
- హియరింగ్ మినిట్స్, వీడియో
- నిపుణుల కమిటీ మినిట్స్
- రిపోర్టులో మీరు తప్పుపట్టిన పేజీలు
- తెలుగు కాగితాలకు ఇంగ్లిషు అనువాదాలు
- 30 రోజులు దాటితే ఆలస్య మన్నింపు పిటిషన్, తేదీలతో
- పనులు ఆపాలని మధ్యంతర స్టే పిటిషన్

అనువాదాలకే వారం పడుతుంది. అనుమతి వచ్చాక మొదలుపెడితే 30 రోజులు చాలవు. హియరింగ్ అయిన వారంలోనే చేయించి ఉంచండి.

అప్పీలులో ఎక్కువగా నిలిచే వాదనలు మూడు. ఒకటి, నోటీసు, గడువు, తెలుగు సారాంశం, అధ్యక్షత వంటి పద్ధతిలో లోపం. రెండు, రిపోర్టులో నిజం దాచడం లేదా తప్పు చెప్పడం. అలా వచ్చిన అనుమతిని రద్దు చేయొచ్చని ఈఐఏ నోటిఫికేషన్ ఎనిమిదో పేరాలోనే ఉంది. మూడు, మీరు లేవనెత్తినదాన్ని కమిటీ పట్టించుకోకుండా అనుమతివ్వడం. మొదటిదొక్కటే పట్టుకుని వెళ్తే 'సరే, హియరింగ్ మళ్లీ పెట్టండి' అనిపించుకుని రావొచ్చు. రెండోది బలంగా ఉంటే అనుమతే కదులుతుంది.

10. తరచూ చేసే తప్పులు, వాటికి మందు

*"మాకు ఎమ్మెల్యే మాటిచ్చాడు."* మాట ఫైల్లో ఉండదు. ఆ మాటను ఆయన లెటర్‌హెడ్ మీద తీసుకుని జతచేయండి. ఇవ్వనంటే ఆ మాట విలువ ఎంతో మీకే తెలిసిపోతుంది.

*ముందు హైకోర్టుకు వెళ్లి, అక్కడ ఎన్జీటీకి వెళ్లమన్నాక చూసుకుంటే 90 రోజులు దాటడం.* హియరింగ్ ముందు నోటీసు లోపాల మీద రిట్ వేయడం వేరు. అనుమతి వచ్చాక ముందు ఎన్జీటీ లెక్క చూసుకోవాలి.

*ఒరిజినల్స్ ఇచ్చేయడం.* ఎవరికీ ఇవ్వొద్దు, లాయరుకు కూడా. స్కాన్ చేసి ఇద్దరి ఫోన్లలో, ఒక మెయిల్‌లో దాచండి.

*హియరింగ్ వాయిదా పడిందని ఆటోలో చాటింపు విని ఇంటికెళ్లిపోవడం.* కలెక్టర్ సిఫార్సు లేకుండా వాయిదా వేయకూడదు. కొత్త తేదీ మళ్లీ అవే పత్రికల్లో రావాలి. కాగితం చూసేదాకా కదలొద్దు.

*90 రోజులు దాటిపోయాయి, ఇక ఏమీ లేదనుకోవడం.* అనుమతిని కొట్టేయించే దారి మూసుకుపోయింది, నిజమే. కానీ అనుమతిలో షరతులుంటాయి. వాటి అమలు మీద కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న రిపోర్టులివ్వాలి. ఆ రిపోర్టును ఒడ్డున ఉన్న నిజంతో పోల్చండి. షరతు తప్పితే, తప్పిన నాటి నుంచి ఆరు నెలల్లో ఎన్జీటీ చట్టం 14వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. కారణం చూపితే ఇంకో 60 రోజులిస్తారు.

ఇక అప్పీలు ఓడిపోతే 22వ సెక్షన్ కింద 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లే వీలుంది. అయితే అక్కడ ముఖ్యమైన న్యాయప్రశ్న ఉండాలి. 'మా బోట్లు 64, వాళ్లు 6 అన్నారు' లాంటి లెక్కల తగాదా అంతా చెన్నైలోనే తేల్చుకోవాలి. అందుకే ఆ బోటు కాగితాలు ఈరోజే జిరాక్స్ తీయించి పెట్టుకోండి.